పడమటి ఎండకు ఏ రంగు కిటికీ?

ప్రశ్న: మేడమ్, మాది పిడుగురాళ్ల. ఊరి చివర రెండు వందల గజాల్లో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లు వేసి ఇల్లు కడుతున్నాం. ఇంటి ముఖం పడమర. ప్లాస్టరింగ్ అయిపోయింది. మొత్తం 14 కిటికీలు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పెట్టాలని అందరం ఒప్పుకున్నాం, గొడవంతా రంగు దగ్గరే వచ్చింది. మా ఆవిడకు ముదురు బూడిద రంగు కావాలి, ఫోన్లో రోజుకో ఫొటో చూపిస్తోంది. మా మావయ్యగారు టేకు రంగు ఉంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుందంటారు. డాలస్‌లో ఉన్న బావమరిది అక్కడి వినైల్ కిటికీల ఫొటోలు పంపి, నల్లవి పెట్టించమంటున్నాడు. నాకేమో తెల్లవే చాలనిపిస్తోంది, రేటు కూడా తక్కువ. ఫ్యాబ్రికేటర్ని అడిగితే ‘ఏ రంగైనా ఒకటే సార్, మెటీరియల్ సేమ్’ అంటున్నాడు. గోడలకు ఐవరీ అనుకున్నాం. వచ్చే వారం అడ్వాన్స్ ఇవ్వాలి. ఒకసారి బిగించాక మార్చలేం కదా, టెన్షన్‌గా ఉంది. ఏ రంగు మంచిదో చెప్పండి.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు:

మీ ఉత్తరంలో నలుగురి అభిప్రాయాలు ఉన్నాయి. ఆ పద్నాలుగు కిటికీలు తుడిచేది ఎవరో మాత్రం ఎక్కడా లేదు. సున్నం బట్టీల ఊళ్లో ఇల్లు కడుతూ ఆ సంగతి వదిలేస్తే ఎలాగండీ?

రాత్రి బయట పెట్టిన బైకు సీటు మీద తెల్లారేసరికి ఎంత పొడి పడుతోందో ఒకసారి చూడండి. మీ ఇల్లు ఉన్నవైపు బట్టీల గాలి రాకపోతే సరే, ఈ పేరా వదిలేయండి. వస్తుంటే మాత్రం ఆ సీటే మీ ఆవిడ అడుగుతున్న ముదురు బూడిద రంగు అనుకోండి. తెల్ల ఫ్రేమ్ మీద మట్టి మరక కనిపిస్తుంది, సున్నప్పొడి కనిపించదు. ముదురు ఫ్రేమ్ మీద మట్టి అంతగా తెలియదు, సున్నప్పొడి ముగ్గు చల్లినట్టు కనిపిస్తుంది. అందుకే హైదరాబాద్‌లో ఒకరికి చెప్పిన సలహా పిడుగురాళ్లకు పనికిరాదు.

ఇక ఫ్యాబ్రికేటర్ మాట. మెటీరియల్ సేమ్ అన్నది సగం నిజం. ప్రొఫైల్ అంటే ఫ్రేమ్ చేయడానికి వాడే బోలు ప్లాస్టిక్ పట్టీ. తెల్ల ప్రొఫైల్లో రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. ముక్క కోసి చూస్తే పైనా లోపలా ఒకటే తెలుపు. ఆ తెలుపు అందానికి కలిపింది కూడా కాదు. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి అది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. అది సరిపడా వేయని చవక ప్రొఫైళ్లే కొన్నేళ్లకు పసుపు తిరిగి, చేత్తో రాస్తే సుద్దలా అంటుకుంటాయి. కాబట్టి తెలుపు అన్నంత మాత్రాన అంతా మంచిదే అనుకోవద్దు.

టేకు, వాల్‌నట్, ముదురు బూడిద లాంటివి మన దగ్గర ఎక్కువగా వచ్చేది వేరే పద్ధతిలో. ప్రొఫైల్ తయారయ్యాక దాని మీద రంగు ఫాయిల్, అంటే పల్చటి పొర, అతికిస్తారు. లామినేషన్ అంటారే, అదే. ఆ ఫాయిల్ మందం మిల్లీమీటరులో పావు వంతు కూడా ఉండదు. మంచి ఫాయిల్ అయితే ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ బయటివైపు ఒక్కటే అతికించారా, రెండువైపులా అతికించారా, అడుగున ఉన్న ప్లాస్టిక్ తెల్లదా, గోధుమ రంగుదా అన్నది కొటేషన్లో చాలామంది రాయరు. అడుగున తెలుపు ఉంటే రెక్క తెరిచినప్పుడల్లా అంచుల్లో తెల్ల గీతలు కనిపిస్తాయి. గీత లోతుగా పడితే అక్కడా తెలుపు బయటపడుతుంది.

మూలలు కూడా చూడాలి. యూపీవీసీ ఫ్రేమ్ నాలుగు మూలలూ వేడితో అతికిస్తారు. పొంగిన ప్లాస్టిక్‌ను చెక్కేసినప్పుడు ఫాయిల్ కూడా కాస్త పోతుంది. ఆ సన్నటి గీత మీద రంగు పెన్నుతో పూస్తారు. పనివాడు ఓపికమంతుడైతే దగ్గరికెళ్లి చూసినా తెలియదు. తొందరపడితే మూలమూలకీ కాటుక చెదిరినట్టు ఉంటుంది. మీ ఫ్యాబ్రికేటర్ ఇంతకుముందు చేసిన రంగు కిటికీ ఒకటి ఎక్కడైనా ఉంటే వెళ్లి మూలలు మాత్రమే చూసి రండి. అతని పనితనం అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎండ.

మా ఇంటి సంగతి చెప్తాను. గుంటూరులో మా మేడ మీద పడమటి బాల్కనీకి ఎనిమిదడుగుల స్లైడింగ్ డోర్ పెట్టించాం. నేనే ముచ్చటపడి వాల్‌నట్ ఎంచుకున్నాను. డిసెంబర్లో బిగించారు. వేలితో తోస్తే జారిపోయేది. ఏప్రిల్లో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్తే తలుపు కదల్లేదు. భుజం ఆనించి నెట్టాల్సి వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వేలితో జారింది. బిగించినతన్ని పిలిస్తే పొద్దున పదింటికి వచ్చి, నాలుగుసార్లు అటూ ఇటూ తోసి, ‘బాగానే ఉంది కదా మేడమ్’ అని వెళ్లిపోయాడు. రెండోసారి నాలుగింటికే రావాలని గట్టిగా చెప్పి పిలిపించాను. అతనూ భుజం పెట్టాడు! విప్పి చూస్తే రెక్క ప్రొఫైల్ లోపల ఉండాల్సిన స్టీలు లేదు. మధ్యలో విల్లులా వంగింది తలుపు.

తప్పు అతనిదే, కానీ అంతా అతనిది కాదు. లెక్క చూడండి. యూపీవీసీ మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీ వేడి పెరిగితే సుమారు 0.07 మిల్లీమీటరు సాగుతుంది. ఎనిమిదడుగులంటే దాదాపు 2.4 మీటర్లు. తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర ఉన్న ముదురు ఫ్రేమ్ మే నెల పడమటి ఎండలో 70 దాకా వెళ్లిందనుకోండి, 42 డిగ్రీల తేడా. గుణిస్తే 7 మిల్లీమీటర్లు. అదే గోడకు తెల్ల ఫ్రేమ్ 50 దగ్గర ఆగితే సాగేది 4 మిల్లీమీటర్ల లోపే. పైగా బయటివైపు కాలుతూ, లోపల ఏసీ నడుస్తుంటే రెండువైపులా ఒకేలా సాగదు, వంగుతుంది. ఈ ప్లాస్టిక్ మెత్తబడటం మొదలయ్యేదే 75, 80 డిగ్రీల దగ్గర. వేసవి వేడికి పేరుపడ్డ రెంటచింతల మీకు ఎంతో దూరంలో లేదు, నేను చెప్పాల్సిన పని లేదు.

సన్‌షేడ్ ఉంది కదా అనుకుంటారేమో. మే నెలలో సాయంత్రం నాలుగింటికి రెండడుగుల సన్‌షేడ్ నీడ కిందికి అడుగున్నర కూడా దిగదు. కిటికీలో సగానికి పైగా ఎండలోనే ఉంటుంది. మీ దక్షిణపు గోడకు నిజానికి ఎండాకాలంలో కంటే చలికాలంలోనే ఎండ ఎక్కువ తగులుతుంది, దాని గురించి దిగులు లేదు. తూర్పు ఎండ పొద్దున్నే వచ్చి పోతుంది, అప్పటికి గాలి ఇంకా కాగదు. చిక్కంతా పడమటి గోడతోనే. మీకు అదే ఇంటి ముఖం. రంగు ఎక్కడ కనపడాలో అక్కడే ఎండ కొడుతుంది.

కాబట్టి నా ఓటు తెలుపుకే. మీ ఆవిడ ముందు గెలిచానని అనకండి, రేటు తక్కువన్నది తప్ప మీరు వేరే కారణం చెప్పలేదు. ఆవిడ అడిగినదానిలో న్యాయం ఉంది. అది కూడా వినండి.

పగలు బయటినుంచి ఏ ఇంటి కిటికీ చూసినా గాజు నల్లగానే కనిపిస్తుంది, లోపల చీకటి కదా. ఫ్రేమ్ కూడా ముదురుగా ఉంటే రెండూ కలిసిపోయి కిటికీ పెద్దదిగా, ఒకే పలకలా అనిపిస్తుంది. తెల్ల ఫ్రేమ్ అయితే ఆ నలుపు చుట్టూ, మధ్యలో తెల్ల పట్టీలు గీసినట్టు ఉంటుంది. యూపీవీసీ ప్రొఫైల్ అల్యూమినియం కంటే వెడల్పు కాబట్టి ఆ పట్టీలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఆవిడ కళ్లకు ఇది తెలిసింది, మాటల్లో చెప్పలేక ఫొటోలు చూపిస్తోంది. అయితే ఆ ఫొటోలు మరోసారి జూమ్ చేసి చూడమనండి. సన్నటి నల్ల గీతల్లాంటి ఫ్రేములు ఉన్నవి చాలావరకు అల్యూమినియంవే. యూపీవీసీలో అదే రంగు తెచ్చినా ఆ సన్నదనం రాదు. బిగించాక ‘ఇది అదిలా లేదే’ అంటుంది, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

ఆవిడకు ముదురు రంగే తప్పనిసరి అయితే, ముందువైపు కిటికీల వరకు పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో అంటించే పూత) ఉన్న అల్యూమినియం పెట్టించండి. వేడికి అది సాగేది యూపీవీసీలో మూడో వంతే, మెత్తబడే సమస్య అసలే లేదు. చేత్తో ముట్టుకుంటే కాలుతుంది, ఆ వేడి కొంత గదిలోకీ వస్తుంది, అది ఒప్పుకోవాలి. పక్కల, వెనక తెల్ల యూపీవీసీ ఉన్నా వీధిలోంచి చూసేవాళ్లకు తెలియదు.

నాకు నచ్చిన దారి ఇంకొకటి ఉంది, ఖర్చు తక్కువ. కిటికీలు తెల్లవే పెట్టండి. బయట కిటికీ చుట్టూ గోడ మీద నాలుగైదు అంగుళాల పట్టీ తీయించి దానికి ముదురు బూడిద రంగు ఎక్స్‌టీరియర్ పెయింట్ వేయించండి. మీరు కిటికీ చుట్టూ గ్రానైట్ పలకలు పెట్టిస్తున్నట్టయితే పెయింట్ కూడా అక్కర్లేదు, ముదురు బూడిద గ్రానైటే తీసుకోండి. దూరం నుంచి కిటికీకి ఆవిడ కోరిన ముదురు అంచు వస్తుంది. సేఫ్టీ గ్రిల్ కూడా అదే రంగు వేయిస్తే ఇంకా కుదురుతుంది. అయిదేళ్ల తర్వాత ఫ్యాషన్ మారి ఇటుక రంగు కావాలంటే పెయింటర్‌కి రెండు రోజుల పని. ఫాయిల్ మాత్రం ఊడదీసి మార్చలేరు.

లోపలివైపు సంగతి ఎవరూ ఆలోచించరు. మీరు కిటికీని బయటినుంచి రోజుకు రెండు నిమిషాలు చూస్తారు, లోపలినుంచి రోజంతా చూస్తారు. లోపలినుంచి చూసినప్పుడు వెనక ఆకాశం వెలుగు ఉంటుంది. ముదురు ఫ్రేమ్ ఆ వెలుగులో ఇంకా నల్లబడి, పక్కన వెలుగు కళ్లలోకి కొట్టినట్టు ఉంటుంది. తెల్ల ఫ్రేమ్ కాస్త వెలుగును పట్టుకుని గదిలోకి పంచుతుంది. చిన్న బెడ్‌రూముల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

మావయ్యగారి టేకు ముచ్చట గురించి. ఆయన పాత ఇంట్లో టేకు కిటికీలు ఉండి ఉంటాయి, వాటి మీద చెయ్యి వేస్తే తెలిసే నునుపు ఆయనకు గుర్తుండి ఉంటుంది. ఫాయిల్ మీద అచ్చేసిన టేకు గీతలు ఆయన చెయ్యి వేయగానే పట్టేస్తారు. ప్రతి కిటికీ మీదా అదే గీత, అదే ముడి. సింహద్వారం, పూజగది తలుపులు అసలైన టేకుతో చేయించి, డిజైన్ ఆయన్నే ఎంచుకోమనండి. కిటికీల మాట మళ్లీ ఎత్తరని నా నమ్మకం.

డాలస్ బావమరిదికి థాంక్స్ చెప్పండి. ఆయన వినైల్ అన్నదీ మనం యూపీవీసీ అంటున్నదీ ఒకటే పదార్థం. అక్కడ కూడా వినైల్లో మామూలుగా దొరికేది తెలుపు, బాదం రంగు, ముదురు రంగులకు అదనంగా కట్టాలి. వాళ్ల కిటికీలు చాలావరకు పైకీ కిందికీ జరిగే చిన్న రెక్కలు, మనలా ఎనిమిదడుగుల స్లైడింగులు కావు. అయినా ఆయన ఇంటికి ఏ రంగు కిటికీలున్నాయో ఒకసారి అడగండి.

ఇప్పుడు మీ ఐవరీ. దాన్ని ఇంకా ఖాయం చేయకండి. యూపీవీసీ తెలుపు చాలావాటిలో కాస్త నీలి జాడ ఉన్న తెలుపు. దాని పక్కన ఐవరీ గోడ పెడితే కొత్త గోడ కూడా పాతబడ్డట్టు, పసుపు తిరిగినట్టు అనిపిస్తుంది. కిటికీల్లో దొరికేవి ఏడెనిమిది రంగులు. పెయింట్ షేడ్ కార్డులో వందలు. తక్కువ రకాలున్నది ముందు ఎంచుకుని, ఎక్కువ రకాలున్నదాన్ని దానికి కలపాలి. మనవాళ్లు తరచూ తిరగేసి చేస్తారు, చీర కొనకముందే జాకెట్ కుట్టించినట్టు. కిటికీ ముక్క చేతిలో పట్టుకుని పెయింట్ షాపుకు వెళ్లండి. ఐవరీ మీదే మనసుంటే, క్రీమ్ జాడ ఉన్న తెలుపు ప్రొఫైల్ దొరుకుతుందేమో ఫ్యాబ్రికేటర్ని అడగండి.

తెలుపు తీసుకున్నా చిన్న చిన్న విషయాలు అడగాలి. గాజు చుట్టూ ఉండే రబ్బరు నలుపు అయితే తెల్ల ఫ్రేమ్ మీద కాటుక గీతలా కనపడుతుంది, బూడిద రంగు రబ్బరు అడిగితే శుభ్రంగా ఉంటుంది. ముదురు పట్టీ వేయిస్తున్నారు కాబట్టి నల్ల రబ్బరు నప్పుతుందని మీ ఆవిడ అంటే అదీ సరే. గొళ్లేలు తెల్లవి చేతి మురికికి త్వరగా మాసిపోతాయి, వెండి రంగువి మేలు. దోమల జాలి రెక్క ఫ్రేమ్ కూడా అదే రంగులో ఇస్తారా, వేరే ఇస్తారా తేల్చుకోండి. బిగించే రోజు వరకు ఈ జాలి సంగతి ఎవరూ మాట్లాడరు. జాలి మాత్రం ముదురు రంగుదే పెట్టించండి, తెల్ల జాలి వెలుగు పట్టి బయట ఏమీ కనపడనివ్వదు.

కొటేషన్ మీద మూడు విషయాలు రాయించుకోండి. అయిదడుగులు దాటిన ప్రతి ఫ్రేమ్‌లో, రెక్కలో స్టీలు ఉంటుందని, దాని మందం ఎంతో అంకెతో సహా ఉండాలి. గోడకూ ఫ్రేమ్‌కూ మధ్య సాగడానికి ఖాళీ వదిలి సిలికాన్‌తో నింపుతామని ఉండాలి. సిమెంటుతో బిగించేస్తే ఏ రంగైనా ఒకటే గతి. వారంటీలో ఫ్రేమ్‌కు ఎన్నేళ్లు, రంగు వెలిసిపోవడానికి ఎన్నేళ్లు అన్నది విడివిడిగా ఉండాలి. ఒకవేళ చివరికి ముదురు రంగువైపే మొగ్గితే, వేడిని వెనక్కి కొట్టే రంగు పదార్థం (పిగ్మెంట్) ఉన్న ఫాయిళ్లు వస్తున్నాయి, అదే ఇస్తామని రాయించుకోండి. పెద్ద స్లైడింగులు మానేసి, తెరుచుకునే చిన్న రెక్కలుగా విడగొట్టించండి.

పుట్టీ, ఒక కోటు పెయింట్ అయ్యాకే కిటికీలు బిగించనివ్వండి. ఫ్రేమ్ మీద ఉండే ప్లాస్టిక్ పొరను గృహప్రవేశం దాకా ఉంచాలని చాలామందికి సరదా. పడమటి ఎండకు అది ఫ్రేమ్‌కు కరుచుకుపోతుంది, పీకితే జిగురు మిగిలిపోతుంది. పెయింటర్ ఆ జిగురు మీద థిన్నర్ గుడ్డ పెట్టకుండా పక్కనే ఉండి చూసుకోండి. థిన్నర్ తగిలితే ఆ మెరుపు మళ్లీ రాదు. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

అడ్వాన్స్ నాలుగు రోజులు ఆపండి, కొంపేమీ మునగదు. ఫ్యాబ్రికేటర్ దగ్గర తెలుపు, ముదురు బూడిద, టేకు రంగుల్లో అడుగు పొడవు ముక్కలు ఒక్కోటి అడగండి. అతని షెడ్డులో మూలన పడుంటాయి, ఊరికే ఇస్తాడు. మధ్యాహ్నం రెండింటికి మూడూ మీ కొత్త ఇంటి పడమటి పిట్టగోడ మీద వరసగా పెట్టి వచ్చేయండి. నాలుగింటికి మీ ఆవిడనీ మావయ్యగారినీ తీసుకెళ్లి, ఒక్కోదాని మీద అరచేయి కాదు, చేతి వెనకభాగం ఆనించి చూడమనండి. ముక్కలు రాత్రికి అక్కడే వదిలేయండి. పొద్దున్నే మళ్లీ వెళ్లి, దేని మీద ఎంత పొడి ఉందో గుడ్డతో ఆవిడనే తుడిచి చూడమనండి. కాదు, మీరు తుడవండి. ఆవిడ చూస్తుంది.